డ్రంక్ అండ్ డ్రైవ్ కేసులో ఫైన్ కట్టాను, అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ అయ్యేటప్పుడు ఆ సంగతి చెప్పాలా?

ఎల్‌ఎల్‌బీ అయిపోయింది, చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికి కోర్టులో ఫైన్ కట్టాను, అడ్వొకేట్లను నమోదు చేసుకునే బార్ కౌన్సిల్ దరఖాస్తులో అది రాయాలా అని అడిగారు. ఫారంలో అడిగితే రాయాల్సిందే. నేను రాశాను, ఎన్‌రోల్ అయ్యాను, ఇప్పుడు ప్రాక్టీసులో ఉన్నాను.

నా కేసు వేరు. డిగ్రీలో ఉండగా ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం రోడ్డు మీద ధర్నా చేశాం. దారి అడ్డగించామని ఐపీసీ 341 పెట్టారు. వాయిదాలకు తిరగలేక నేరం ఒప్పుకుని ఫైన్ కట్టాం. ఇలా కట్టగానే కేసు కొట్టేసినట్టే అని చాలామంది అనుకుంటారు. కాదండీ. మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకుని ఫైన్ కడితే శిక్ష పడినట్టే. మీదీ అంతే. హెల్మెట్ లేదని ఆన్‌లైన్‌లో కట్టే చలానా సంగతి వేరు. తాగి బండి నడిపితే పెట్టే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ అలా చలానాతో తీరేది కాదు, అందుకే మిమ్మల్ని కోర్టుకు పంపారు.

ఇక అసలు భయం, ఎన్‌రోల్‌మెంట్ ఆగిపోతుందేమోనని. అడ్వొకేట్స్ యాక్ట్ 1961లో 24ఏ సెక్షన్ చదవండి. అడ్డుపడేది ముఖ్యంగా మోరల్ టర్పిట్యూడ్ (నైతికంగా దిగజారుడు) ఉన్న నేరాలు, అంటే మోసం, ఫోర్జరీ, దొంగతనం లాంటివి. అందులోనూ విడుదలై రెండేళ్లు దాటితే ఆ అనర్హత పోతుంది. యాక్సిడెంట్, గాయాలు లేని ఉత్త డ్రంక్ అండ్ డ్రైవ్ సాధారణంగా ఆ లెక్కలోకి రాదు.

దాస్తే మాత్రం 26వ సెక్షన్ ఉంది. ముఖ్యమైన విషయం తప్పుగా చెప్పి పేరు నమోదు చేయించుకున్నారని తేలితే, మీ వాదన విని, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రోల్ (అడ్వొకేట్ల జాబితా) నుంచి పేరు తీసేయవచ్చు. ఎన్‌రోల్ అయి పదేళ్లు గడిచాక, మీరంటే పడని క్లయింటు ఒకడు కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరు కొట్టి చూస్తే చాలు. "రాయకు, ఎవరు చూస్తారు" అని నాకు చెప్పిన సీనియర్లూ ఉన్నారు. అఫిడవిట్ మీద సంతకం పెట్టేది వాళ్లు కాదు కదా!

కాగితాల దగ్గర ఓపిక కావాలి. కేసు నంబరు, కోర్టు పేరు పట్టుకుని కాపీ అప్లికేషన్ వేసి, తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. నాకు ఎక్కువ ఆలస్యం అక్కడే. పాత ఫైలు రికార్డు రూములో ఉంటే బయటికి రావడానికి టైము పడుతుంది, కాబట్టి దరఖాస్తు కంటే ముందే మొదలుపెట్టండి. ఫైన్ రసీదు కూడా జతచేయండి. వివరణ అరపేజీ దాటనివ్వొద్దు. తేదీ, సెక్షన్, కోర్టు, ఎంత ఫైన్, ఎప్పుడు కట్టారు, ఆ తర్వాత వేరే కేసుల్లేవు అంటే సరిపోతుంది. ఫ్రెండ్స్ బలవంతం చేశారు, పోలీసులు కావాలనే పట్టుకున్నారు లాంటివి రాస్తే చదివేవాళ్లకు చిరాకు.

అడగనివన్నీ కూడా రాయక్కర్లేదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. ఫారంలో స్పష్టంగా అడిగినదానికే జవాబివ్వాలి, ఆ జవాబు నిజమై ఉండాలి అని. అది ఉద్యోగాల విషయంలో వచ్చిన తీర్పే, కానీ ఇక్కడా ఆలోచన అదే. కుర్రతనంలో నినాదాలు చేసినందుకు పడ్డ చిన్న శిక్షను దాచినా యజమాని తన విచక్షణతో వదిలేయవచ్చని కూడా అందులో ఉంది. ధర్నా కేసు వాడిని కాబట్టి అది చదివి నాకు కొంచెం టెన్షన్ తగ్గింది. అయినా వదిలేస్తారన్న ఆశతో దాచమని మాత్రం చెప్పను.

మీ ఫారంలో ఆ ప్రశ్నను ఒకసారి జాగ్రత్తగా చూడండి. "పెండింగ్ కేసులు" అని అడిగారా, "ఎప్పుడైనా శిక్ష పడిందా" అని అడిగారా అన్నదాన్ని బట్టి మీ జవాబు మారుతుంది. ప్రశ్న ఉన్నదున్నట్టు కామెంట్‌లో పెడితే చూసి చెబుతాను.