మందుల బీరువా తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉంటే

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చెన్నైలో ఒక జూలో పశువైద్యురాలిని. మాకు తొమ్మిది నెలల పాప. మా ఆయనది ఇక్కడే ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పాప కోసం అత్తయ్య గూడూరు నుంచి వచ్చి ఉంటున్నారు. ఇప్పుడు వైద్య విభాగం మొత్తం నన్నే చూసుకోమంటున్నారు. ఇప్పటికే అర్ధరాత్రి ఫోన్ వస్తే పాలు తాగే పిల్లను వదిలి పరుగెడుతున్నాను. పొద్దున నేను బయల్దేరుతుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. ‘చంటిపిల్ల తల్లివి, ఇంత పెద్ద పోస్టు ఇప్పుడే కావాలా?’ అంటున్నారు అత్తయ్య. వద్దని చెప్పేయనా?

జవాబు: వద్దనకండమ్మా. అలాగని రేపే సరేననీ అనకండి. ముందు ఆసుపత్రి లాగ్‌బుక్ తీసి, గత మూడు నెలల్లో రాత్రిపూట వచ్చిన ఫోన్లన్నీ వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన, అక్కడికి మీరే ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో రాయండి.

జంతువు ఎన్‌క్లోజర్ దాటినా, కీపర్‌కు గాయమైనా డాక్టరు కదలాల్సిందే. పులి ఒక పూట మాంసం ముట్టలేదంటే తెల్లారాక చూడొచ్చు, మన జూలలో చాలాచోట్ల వాటికి వారానికొక రోజు ఎలాగూ పస్తే. అదే జింక నెమరు మానేసి ఎడమ డొక్క ఉబ్బితే తెల్లారేదాకా ఆగలేం. ఈ తేడా మీకు తెలుసు, రాత్రి కాపలా కీపర్‌కు తెలియదు. అందుకే అన్నిటికీ మీకే ఫోన్ చేస్తాడు. ఏ లక్షణం కనిపిస్తే ఎవరికి చెప్పాలో ఒక్క పేజీలో, తమిళంలో రాయించి నైట్ డ్యూటీ గదిలో అంటించండి.

రెండోది తాళంచెవి. జంతువులకు మత్తిచ్చే కెటమిన్, చట్టం గట్టి నియంత్రణలో ఉంచిన ‘షెడ్యూల్ ఎక్స్’ మందు కాబట్టి బీరువాకు తాళం, లెక్కకు రిజిస్టరు తప్పవు. ఆ తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉంటే, జూనియర్ డాక్టరు ఆవరణలోనే ఉన్నా దూరం నుంచి మత్తు సూది కొట్టే డార్ట్ నింపలేరు. రెండో డాక్టరుకు రాతపూర్వకంగా అనుమతి ఇప్పించండి. పగటిపూట, ముందే అనుకున్న తరలింపుల్లో మత్తు పని ఆ డాక్టరు చేతే చేయించి మీరు పక్కన నిలబడండి. డోసు లెక్క, జైలజీన్ అనే మత్తుమందుకు విరుగుడుగా యోహింబిన్ ఇచ్చే వేళ, జంతువు తేరుకునేదాకా కాపలా, ఇవన్నీ ఒంటరిగా చేయగలరని మీకు నమ్మకం కుదిరాక వారం విడిచి వారం రాత్రి డ్యూటీ పంచుకోండి. విభాగానికి పెద్ద అయ్యేవారు మొదట చేయాల్సిన పని కూడా ఇదే.

పాపకు 15 నెలలు నిండేవరకు రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం చట్టం ఇచ్చిన హక్కు. 50 మంది, అంతకు మించి పనిచేసేచోట క్రెష్, అంటే పసిపిల్లలను చూసుకునే గది, ఉండాలి, రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. అంటే మీ చేతిలో ఇంకా ఆరు నెలలు. ఈ ఆరు నెలలూ రాత్రి డ్యూటీ పంపకం ఉండాలని, మీటింగులు సాయంత్రం కాక పొద్దున పెట్టాలని, పొరుగూరి శిక్షణలకు ఇంకొకరు వెళ్లాలని అడగండి. ఒప్పుకున్నది ఈమెయిల్‌లో ఉండాలి.

పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు ఉంటాయి. చెన్నై ఎండల్లో ఆ లెక్క నమ్మొద్దు. ఐస్ ప్యాక్‌లున్న కూల్ బ్యాగులో 24 గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. టీకాలు, నమూనాలు పెట్టే ఆసుపత్రి ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. పాములు, తాబేళ్లు, మొసళ్లను ముట్టుకున్న చేతులకు, బట్టలకు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అంటుకుని వస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలకు అది చాలా చెడ్డది. బూట్లు, యూనిఫారం అక్కడే వదిలి, స్నానం చేసి ఇంటికి రండి. తల్లి వదిలేసిన కూన ఎంత ముద్దొచ్చినా ఇంటికి తేకండి.

ఇక ఇల్లు. మీవారు ‘సాయం చేస్తాను’ అంటే చాలదు. మీ డ్యూటీ వారంలో రాత్రి పది నుంచి ఐదు దాకా పాప పూర్తిగా ఆయన బాధ్యత. ఈ వయసు పిల్ల కప్పుతో పాలు తాగగలదు. మొదటి రెండు వారాలు ఫోన్ రాని రాత్రుల్లోనే ఆయన చేత పట్టించండి, మీరు పక్క గదిలో పడుకోండి. ఫోన్ మోగిన రాత్రే మొదలుపెడితే పిల్ల తాగదు, ఆయన చేతులెత్తేస్తారు. చెన్నై వండలూరు జూలాగే మీ జూకూ మంగళవారం సెలవైతే ఆ రోజు పాప మీది, ఆదివారం ఆయనది. జూకు జనం పోటెత్తే కాణుం పొంగల్ నాడు, అదే మన ముక్కనుమ, మీరు ఇంట్లో ఉండరని ఇప్పుడే చెప్పేయండి. తుఫాను రోజులకూ ఇదే మాట. 2016 డిసెంబరు 12న వర్ధా తుఫాను వచ్చినప్పుడు వండలూరులో వేల చెట్లు కూలాయి. అలాంటి రాత్రి మీరు జూలోనే ఉండాల్సి వస్తుంది.

పొద్దుటి ఏడుపుకు బెంగపడకండి. తొమ్మిదో నెలలో పిల్లలకు అమ్మ కనబడకపోతే భయం, అది ఎదుగుదలలో భాగమే. దొంగచాటుగా జారుకోకండి, ముద్దుపెట్టి, వెళ్లొస్తానని చెప్పి కదలండి.

అత్తయ్యగారి మాటలో కోపం కన్నా అలసట ఎక్కువ ఉందేమో చూడండి. పాకే పిల్ల వెనక రోజంతా తిరిగితే ఆ వయసులో నడుం పట్టేస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా మనిషిని పెట్టండి. నెలకు నాలుగు రోజులు ఆమె గూడూరు వెళ్లిరావాలి, ఆ నాలుగు రోజులూ మీవారు ఇంటి నుంచి పనిచేయాలి. ఈ నెల రైలు టికెట్ ఆయన చేతే తీయించండి.