సోలల్లో ఉన్న ఆవకాయ లెక్కను గ్రాముల్లోకి మార్చడం ఎలా?

మీ అత్తగారి లెక్క ప్రకారం ఆరు సోలల మామిడి ముక్కలకు కారం, ఆవపిండి, ఉప్పు సోల చొప్పున పడతాయని, మీ దగ్గర మాత్రం త్రాసే ఉందని, సోలంటే ఎన్ని గ్రాములో చెప్పమని అడిగారు. సోల బరువు కాదు, గిన్నెలో ఎంత పడుతుందో చెప్పే కొలత కాబట్టి దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు. అదే సోలలో ఉప్పు తూగే బరువులో కారం దాదాపు సగమే తూగుతుంది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెళ్ళయిన కొత్తలో నేను మొదటిసారి సొంతంగా ఆవకాయ పెట్టినప్పుడు, మూడూ సోల చొప్పునే కదా అనుకొని, కిలో ముక్కలకు మూడింటినీ పావుకిలో చొప్పున తూచి కలిపాను. మూడో రోజు తిరగకలిపి రుచి చూస్తే ఆవఘాటు ముక్కుకెక్కింది, చేదు నాలుకను వదల్లేదు, ఉప్పు మాత్రం చాలలేదు. నెల తిరగకుండానే జాడీ అంచున బూజు కనిపించింది. ఆ పచ్చడి పారబోసిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

మరుసటి వేసవికి పుట్టింటి ఇత్తడి సోల తెచ్చుకొని త్రాసు మీద పెట్టాను. ఖాళీ సోల బరువును సున్నా చేసి, అంచు దాకా నీళ్ళు పోస్తే 300 గ్రాములు తూగింది. నీటికి గ్రాము, మిల్లీలీటరు ఒకటే కాబట్టి ఆ సోలలో 300 మిల్లీలీటర్లు పడుతుందని తేలింది. తరువాత ఒక్కొక్క దినుసునూ పోసి, అట్లకాడ వెనుక వైపుతో అంచుకు సమంగా గీసి తూచాను. బియ్యం 250 గ్రాములు, కల్లుప్పు 285, వదులుగా పోసిన కారం 135, ఆవపిండి కూడా ఇంచుమించు అంతే. కారం పోసిన సోలను రెండుసార్లు నేలకు తట్టి మళ్ళీ నింపితే 165 దాకా వచ్చింది. అందుకే మీ అత్తగారు తట్టి కొలుస్తారా, వదులుగా కొలుస్తారా, గోపురంగా పోస్తారా అన్నది ముందుగా అడిగి తెలుసుకోండి.

ఉప్పు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. అదే సోలలో ప్యాకెట్లో వచ్చే సన్న ఉప్పు పోస్తే 365 గ్రాములు తూగింది, ఎందుకంటే కల్లుప్పు పలుకుల మధ్య ఉన్నంత ఖాళీ సన్న ఉప్పులో ఉండదు. కల్లుప్పు లెక్కకు సన్న ఉప్పును సోలతో కొలిస్తే సోలకు 80 గ్రాములు ఎక్కువ పడి పచ్చడి నోట పెట్టలేనంత ఉప్పగా మారుతుంది, అదే తూచి వేస్తే 285 గ్రాములకు 285 గ్రాములే, ఏ ఉప్పైనా పర్వాలేదు.

నా అంకెలను యథాతథంగా వాడకండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క మన వైపు అందరికీ తెలిసిందే కానీ, గిన్నెలు మాత్రం ఇంటికొక తీరుగా ఉంటాయి. మెట్రిక్ తూనికలు 1958లో మొదలయ్యాయి. మా సోల అంతకు ముందుది. మీ అత్తగారికి ఫోను చేసి, ఖాళీ లీటరు సీసాలోకి సోలతో నీళ్ళు పోయమనండి. మూడు సోలలు పోశాక సీసాలో వంద మిల్లీలీటర్ల చోటు మిగిలితే ఆ సోల మా సోలంతే. ఎక్కువ తక్కువలుంటే పై బరువులన్నిటినీ అదే నిష్పత్తిలో పెంచండి లేదా తగ్గించండి. నూనెకు లెక్క తేలిక: లీటరు ప్యాకెట్ మీద సాధారణంగా 910 గ్రాములని ఉంటుంది, అంటే మా సోలకు 273.

ముక్కల బరువు వాటి పరిమాణాన్ని బట్టి మారుతుంది. టెంకతో కొట్టించిన కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి ముక్కలు జీడి తీసి, తుడిచి, మూడుసార్లు విడివిడిగా పోసి తూచినప్పుడు సోలకు సగటున 170 గ్రాములు వచ్చాయి, అంటే ఆరు సోలలకు కిలో పైచిలుకు. ఇప్పుడు నేను కిలో ముక్కలకు కల్లుప్పు 280, కారం 150, ఆవపిండి 150 గ్రాములు వేస్తాను. ఉప్పును ఎండబెట్టి, దంచిన తరువాతే తూస్తాను, ఎందుకంటే చెమ్మగా ఉన్న ఉప్పులో నీటి బరువు కూడా కలుస్తుంది.