ఎండ లేని చోట బతికే బ్యాక్టీరియా: కెమిస్ట్రీ ఇష్టమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ రాయనంటోంది. సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర ఉండే బ్యాక్టీరియాపై పరిశోధన చేస్తుందట. ఏం చదవాలి? ఉద్యోగం వస్తుందా? మాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, కాకినాడ

జవాబు: మీ అమ్మాయిది గాలివాటం కోరిక అనుకోకండి. 1977లో గాలపాగోస్ దీవుల దగ్గర, సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతున ఈ బుగ్గల చుట్టూ జీవాలు గుంపులుగా కనిపించాయి. వాటిలో రిఫ్టియా అనే గొట్టపు పురుగు మనిషిని మించిన పొడవు పెరుగుతుంది. పెద్దయ్యాక దానికి నోరుండదు, పేగులుండవు. మరి తిండెలా? హార్వర్డ్‌లో అప్పుడే పరిశోధనలో చేరిన కొలీన్ కావనా, ఆ పురుగు ఒంట్లో గంధకపు స్ఫటికాలున్నాయని ఓ లెక్చర్‌లో విని, లోపల గంధకపు పదార్థాల నుంచి శక్తి తీసి దానికి తిండి పెట్టే బ్యాక్టీరియా ఉండి తీరాలన్నారు. 1981లో ఆధారాలతో పేపర్ వచ్చింది.

ఆ బ్యాక్టీరియా, మొక్కల్లాగే కాల్విన్ వలయం అనే రసాయన చర్యల వరసతో కార్బన్ డయాక్సైడ్‌ను ఆహారంగా మార్చగలవు. శక్తి మాత్రం ఎండ నుంచి కాదు, కుళ్లిన గుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి. బుగ్గల దగ్గరే మరికొన్ని బ్యాక్టీరియా, మన కణాలు ఆహారం నుంచి శక్తి తీసే క్రెబ్స్ వలయాన్ని వెనక్కి నడిపించి ఇదే పని చేస్తాయి. దానికి ఏటీపీ (కణాల్లో శక్తిని అందించే అణువు) ఖర్చు తక్కువ. కానీ అందులోని కొన్ని ఎంజైములకు ఆక్సిజన్ పడదు. ఎందుకు పడదో వెతుక్కుని చదవాలనిపిస్తే అమ్మాయి ఈ దారికి పనికొస్తుంది. సబ్‌మెరైన్ వీడియోలు చూసి ముచ్చటపడితే చాలదు. ఈ రంగంలో ఓడెక్కే రోజులు కొన్నే, మిగతాదంతా ల్యాబూ, కంప్యూటరూ.

మన దేశంలోనూ పని మొదలైంది. గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్), చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్‌ఐఓటీ) శాస్త్రవేత్తలు 2024 డిసెంబరులో హిందూ మహాసముద్రం దక్షిణ భాగంలో 4,500 మీటర్ల లోతున ఒక బుగ్గను ఫొటో తీశారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ(ఎన్‌ఐఓ)కు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఓసారి కనుక్కోండి.

చదువుకు తిరుపతి ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) మంచి దారి. లేదంటే బీఎస్సీ మైక్రోబయాలజీ లేదా బయోకెమిస్ట్రీ, ఎమ్మెస్సీ, నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్), తర్వాత పీహెచ్‌డీ. ఉన్నమాట చెప్పాలంటే, స్థిరపడటానికి పదేళ్లు పడుతుంది, ఈ రంగంలో నేరుగా దొరికే పోస్టులు కొన్నే. అయితే మైక్రోబయాలజీ వస్తే హైదరాబాద్ వ్యాక్సిన్, ఫార్మా కంపెనీల తలుపులూ తెరిచే ఉంటాయి.

నీట్ కోసం పట్టుబట్టకండి. ఐసర్ ప్రవేశ పరీక్షలో మాత్రం లెక్కల ప్రశ్నలూ ఉంటాయి. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే, కాబట్టి లెక్కలు ఇప్పుడే మొదలుపెట్టించండి.