చెప్పకుండా వచ్చేయడం వల్ల బెంగ పెరిగింది

మీ రెండేళ్ల బాబు డే కేర్ గుమ్మం దగ్గర రోజూ గుక్కపట్టి ఏడుస్తున్నాడనీ, వాడు ఆటలో పడ్డాక కన్నుగప్పి వచ్చేయమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారనీ రాశారు. ఆ పని మేము చేసి చూశాము కాబట్టి, మీరు చేయవద్దనే చెబుతాను.

మా పాపను 14 నెలల వయసులో చేర్చాము. మొదటి వారమంతా, అది బొమ్మలు పేర్చుకుంటూ ఉండగా నేను చెప్పాపెట్టకుండా బయటపడేదాన్ని. గుమ్మం దగ్గర ఏడుపు తప్పింది గానీ, ఇంట్లో కొత్త బెంగ మొదలైంది. నేను స్నానానికి వెళ్లినా తలుపు బాదేది. నిద్రలో ఉలిక్కిపడి, నేను పక్కన ఉన్నానో లేనో తడిమి చూసుకునేది. అమ్మ ఏ క్షణంలోనైనా మాయమవుతుందని దానికి నేర్పింది నేనే.

సాధారణంగా 8 నెలల ప్రాంతంలో మొదలయ్యే ఈ ఎడబాటు భయం, చాలామంది పిల్లల్లో 10 నుంచి 18 నెలల మధ్య ఎక్కువగా ఉండి, మూడేళ్లు వచ్చేసరికి తగ్గుముఖం పడుతుంది. కంటికి కనబడకపోయినా అమ్మ ఎక్కడో ఉందని ఈ భయం మొదలయ్యే వయసుకు తెలుస్తుంది, ఎప్పుడు వస్తుందో మాత్రం తెలియదు. అందుకే ‘అయిదింటికి వస్తాను’ అనడం మానేసి, ‘నిద్ర లేచి పాలు తాగాక వస్తాను’ అనడం మొదలుపెట్టాను.

వీడ్కోలు కూడా రోజూ ఒకే తీరుగా ఉండేలా చూసుకున్నాము. సంచిని పాపే కొక్కేనికి తగిలించేది. నేను దాని అరచేతిలో ముద్దు పెట్టి, వేళ్లు మూసి, ఆ మాట చెప్పి, రోజూ ఉండే ఆయా చేతికే అందించి వెనుదిరిగేదాన్ని. అంతా కలిపి రెండు నిమిషాలు. ఏడుపు చూడలేక మళ్లీ వెనక్కి వెళ్లి ఎత్తుకున్న రోజున అది రెట్టింపయ్యేది. ఒకసారి కిటికీ పక్కన నిలబడి విన్నాను: నాలుగైదు నిమిషాల్లో పాప సద్దుమణిగింది, నేనే ఇంకా కళ్లు తుడుచుకుంటున్నాను.

సెలవుల తరువాత, జ్వరం తగ్గిన తరువాత కథ మళ్లీ మొదటికి వస్తుంది. దానికి కంగారు పడనక్కరలేదు. వారాలు గడిచినా బిడ్డ అక్కడ తినకుండా, ఎవరి దగ్గరా ఊరడిల్లకుండా ఉంటే మాత్రం పిల్లల వైద్యుడితో మాట్లాడండి.

మరొక్క మాట: తీసుకురావడానికి చెప్పిన వేళకే వెళ్లండి. పాలు తాగాక వస్తానని చెప్పి నేను గంట ఆలస్యం చేసిన రోజున, పాప ఖాళీ గ్లాసు పట్టుకొని గుమ్మం వైపే చూస్తూ కూర్చుందట.