సివిల్స్‌కి మంత్రిత్వ శాఖల జాబితా బట్టీ పట్టాలా?

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల రొయ్యల చెరువు, కొంచెం కొబ్బరి తోట ఉన్నాయి. మా అమ్మాయి అమలాపురంలో బీఏ రెండో ఏడాది చదువుతోంది, సివిల్స్ రాస్తానంటోంది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, మంత్రుల పేర్లు చార్టు మీద రాసి, గోడకి అంటించి రోజూ బట్టీ పడుతోంది. పాత గైడులో ఒక పేరు, యూట్యూబ్‌లో ఇంకో పేరు ఉన్నాయని ఒకటే టెన్షన్. మా బావమరిదేమో ‘సివిల్స్ మన వల్ల కాదు, ఢిల్లీ సెక్రటేరియట్ ఉద్యోగాలకి కట్టించు’ అంటున్నాడు. ఈ శాఖల గొడవ ఎంతవరకు చదవాలి? పిల్లని ఏ దారిలో పెట్టమంటారు?

జవాబు: ముందు ఆ చార్టు తీయించెయ్యండి. మంత్రుల పేర్లు పరీక్ష నాటికి మారిపోవచ్చు, శాఖల పేర్లూ మారొచ్చు. అలాగని ఈ పాఠం అక్కర్లేదని కాదు. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపరు సిలబస్‌లో ప్రభుత్వ మంత్రిత్వ శాఖలు, విభాగాలు అని స్పష్టంగా ఉంది. కానీ అక్కడ జాబితా అప్పజెప్పమని ఎవరూ అడగరు. ఏ పని ఎవరిది, ఎందుకు వాళ్లదైంది అన్నదే అడుగుతారు. 2021 ప్రిలిమ్స్‌లో అటవీ హక్కుల చట్టం అమలు చూసే నోడల్ మంత్రిత్వ శాఖ, అంటే ప్రధాన బాధ్యత ఉన్న శాఖ, ఏదని వచ్చింది. ‘అటవీ’ అని కనబడగానే పర్యావరణ శాఖకి టిక్కు పెట్టాలనిపిస్తుంది. జవాబు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ. అడవిలో ఉండే మనిషి హక్కుల గురించిన చట్టం కాబట్టి దాన్ని ఆ శాఖకి అప్పగించారు. ఆ కారణం తెలిసినవాళ్లకి బట్టీతో పని లేదు.

మీ అమ్మాయికి ఈ పాఠం మీ పొలంలోనే ఉంది. మీ తోటలో కొబ్బరికాయనే తీసుకోండి. చెట్టు, సాగు, మొక్కల పంపిణీ అన్నీ వ్యవసాయ మంత్రిత్వ శాఖ పరిధిలోని కొబ్బరి అభివృద్ధి బోర్డు చూస్తుంది. 1981లో ఏర్పడిన ఈ బోర్డుకి కొచ్చిలో ప్రధాన కార్యాలయం ఉంది. అంబాజీపేటలో మీరు అమ్మే కురిడీకి, ఎండు కొబ్బరికి కేంద్రం ప్రకటించే మద్దతు ధరని వ్యవసాయ శాఖ కింద ఉన్న ధరల కమిషన్ సిఫార్సు చేస్తుంది. ఆమోదించేది మాత్రం ప్రధాని అధ్యక్షతన ఉండే ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ. అదే కాయ ఒలిచాక మిగిలిన డొక్క పీచు మిల్లుకి వెళ్లిందా, ఇక దానితో వ్యవసాయ శాఖకి సంబంధం లేదు. అది కాయిర్ బోర్డు సంగతి, ఆ బోర్డు సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద ఉంది. లోపలి కొబ్బరి ఒకరిది, పైన డొక్క ఇంకొకరిది. ఇది చూస్తే నవ్వొస్తుంది గానీ, సాగు వేరు, పరిశ్రమ వేరు అన్న లెక్క అందులో ఉంది.

ఇక రొయ్య. కేంద్రంలో చేపలు, రొయ్యల వ్యవహారం చాలా కాలం వ్యవసాయ మంత్రిత్వ శాఖలో ఒక మూలన ఉండేది. 2019 ఫిబ్రవరిలో దానికి ప్రత్యేక విభాగం పెట్టారు. ఆ ఏడాదే, ఎన్నికలయ్యాక, మత్స్య, పశుసంవర్ధక, పాడి పరిశ్రమల మంత్రిత్వ శాఖ అయింది. తీరంలో చెరువుల రిజిస్ట్రేషన్ చూసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ ఇప్పుడు దాని కిందే ఉంది. రొయ్య ఐస్ పెట్టెలో చేరి ఎగుమతికి బయలుదేరితే మాత్రం వాణిజ్య మంత్రిత్వ శాఖలోకి వస్తుంది. 1972 నాటి సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, మీరంతా ఎంపెడా అనేది, ఆ శాఖదే. అమెరికా సుంకం పెంచితే ఢిల్లీలో మాట్లాడాల్సింది మత్స్య శాఖ ఒక్కటే కాదు, ముందు వాణిజ్య శాఖ. మీ ఏరేటర్ల కరెంటు బిల్లు సంగతి మాత్రం రాష్ట్రంలోనే తేలాలి. అటుపక్క ఎదుర్లంక వంతెన దాటి యానాంలో అడుగు పెట్టారంటే అది కేంద్రపాలిత ప్రాంతం. పుదుచ్చేరికి సొంత అసెంబ్లీ, మంత్రివర్గం ఉన్నా, ఢిల్లీలో దాని వ్యవహారాలు చూసేది హోం మంత్రిత్వ శాఖ.

ఇలా మీ ఇంటి చుట్టూ ఉన్న వస్తువులనే ఒక్కొక్కటిగా పట్టుకుని దాని ఫైలు ఎక్కడికి పోతుందో నోట్‌బుక్‌లో రాయమనండి. కోరంగి మడ అడవులు, నరసాపురం లేసు, కేజీ బేసిన్ గ్యాసు, రేషన్ బియ్యం ఇవన్నీ అక్కడే ఉన్నాయి. పెద్ద మంత్రిత్వ శాఖల్లో చాలావరకు వాటితోనే వచ్చేస్తాయి.

శాఖలు ఎలా పుట్టి ఎలా మారాయో తెలియాలంటే నీటిని పట్టుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. కంపెనీ పాలనలో ఇలాంటి పనులు చాలావరకు మిలిటరీ, రెవెన్యూ బోర్డుల చేతుల్లో నడిచేవి. 1850ల మధ్యలో, గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో, పబ్లిక్ వర్క్స్‌కి ప్రత్యేక శాఖ వచ్చింది. మీ తాతల కాలం నుంచీ కాలవగట్టు మీద వినబడే పీడబ్ల్యూడీ అన్న మాట ఆ వంశానిదే. అప్పటికి గవర్నర్ జనరల్ కౌన్సిల్లో సభ్యులందరూ కలిసి అన్ని విషయాలూ చూడాల్సి వచ్చేది. పని తెమిలేది కాదు. 1859లో వైస్రాయ్ కానింగ్ ఒక్కో సభ్యుడికి ఒక్కో శాఖ అప్పగించాడు, 1861 చట్టం ఆ పద్ధతికి గుర్తింపు ఇచ్చింది. మామూలు వ్యవహారాలు ఆ సభ్యుడే తేల్చేస్తాడు, పెద్దవి మాత్రమే కౌన్సిల్‌కి వస్తాయి. ఈనాటి మంత్రి, ఆయన శాఖ, పైన కేబినెట్ అనే పద్ధతికి మొదలు అక్కడుంది.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో అంబేద్కర్ లేబర్ మెంబర్, అంటే కార్మిక శాఖ చూసే సభ్యుడు. నీటిపారుదల, విద్యుత్తు అప్పుడు లేబర్ శాఖలో ఉండేవని చాలామంది పిల్లలకి తెలియదు. ఇప్పటి కేంద్ర జల సంఘం 1945లో ఆ శాఖలోనే పుట్టింది. ఆనకట్టలు కట్టి కరెంటు తీయాలన్న ఊపులో 1952లో నీటిపారుదల, విద్యుత్తు కలిపి ఒకే మంత్రిత్వ శాఖ చేశారు. మన కె.ఎల్.రావు గారు 1960ల్లో మంత్రిగా చూసింది ఆ శాఖే. 1974లో నీటిపారుదల వ్యవసాయంలోకి వెళ్లింది. తిండి గింజల కొరత బాధించిన రోజులవి. 1980లో కొన్ని నెలలు ఇంధన శాఖతో కలిసింది. 1985లో జల వనరుల మంత్రిత్వ శాఖ అయింది. 2014లో పేరులో గంగ చేరింది. 2019లో తాగునీటి శాఖని కూడా కలుపుకుని జలశక్తి అయింది. పోలవరం ప్రాజెక్టు అథారిటీ, గోదావరి నదీ యాజమాన్య బోర్డు దాని కిందివే. ఇంతా చేసి, మీ కాలవకి ఎప్పుడు నీళ్లు వదలాలో తేల్చేది రాష్ట్ర జలవనరుల శాఖే. నీరు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో 17వ అంశం, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ మాత్రం కేంద్ర జాబితాలో 56వ అంశం. మెయిన్స్‌లో ఈ మెలిక రాసిన పిల్ల పేపరు దిద్దేవారికి వెంటనే కనబడుతుంది.

ఇన్నిసార్లు మార్చినా పార్లమెంటులో చట్టం చెయ్యాల్సిన పని లేదు. రాజ్యాంగం 77వ అధికరణం మూడో క్లాజు ప్రకారం పని పంపకానికి రాష్ట్రపతి నియమాలు చేస్తారు. అవే 1961 నాటి పని కేటాయింపు నియమాలు. ప్రధాని సలహా మీద వాటి షెడ్యూలు సవరిస్తే కొత్త శాఖ పుట్టేస్తుంది. 2021 జులైలో సహకార మంత్రిత్వ శాఖ అలాగే వచ్చింది. అమెరికాలో అలా కుదరదు, 2002లో హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ కోసం వాళ్లు చట్టమే చేశారు. మీ పాపకి నేను కచ్చితంగా చదవమనే కాగితం ఏదైనా ఉందంటే అది ఈ నియమాల షెడ్యూలే. కేబినెట్ సచివాలయం వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. గైడుకీ యూట్యూబ్‌కీ తగవు వస్తే తీర్పు అక్కడ చూసుకోవచ్చు. మొత్తం చదవక్కర్లేదు, అనుమానం వచ్చిన శాఖ తీసి చూస్తే చాలు.

1947లో 18 మంత్రిత్వ శాఖలు ఉండేవి, ఇప్పుడు యాభైకి పైనే. పనులు పెరగడం ఒక కారణం. సంకీర్ణ ప్రభుత్వాల్లో అన్ని పార్టీలకీ కుర్చీ వెయ్యాల్సి రావడం ఇంకో కారణం, అది దాచుకోవాల్సిన పనేం లేదు. అందుకే 2003లో 91వ సవరణ తెచ్చి, ప్రధానితో కలిపి మంత్రుల సంఖ్య లోక్‌సభ బలంలో 15 శాతం దాటకూడదన్నారు. అంటే 81కి మించదు. కొన్ని మార్పులు మాత్రం ఉత్త బోర్డు మార్పులు. విద్యా శాఖని 1985లో మానవ వనరుల అభివృద్ధి అన్నారు, దానికి మొదటి మంత్రి పి.వి.నరసింహారావు గారు. 2020లో మళ్ళీ విద్యా శాఖే అయింది. గైడు పాతదయితే ఇలాంటి చోట తేడా వస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు.

మంత్రుల్లోనూ కేబినెట్ మంత్రి, స్వతంత్ర హోదా సహాయ మంత్రి, మామూలు సహాయ మంత్రి అని మూడు అంతరాలున్నాయి. నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాసవర్మ గారు 2024 జూన్‌లో ఉక్కు, భారీ పరిశ్రమల శాఖలకు సహాయ మంత్రి అయ్యారు. ఆ రెండు శాఖలకూ కేబినెట్ మంత్రి కుమారస్వామి గారు. ఒకే మంత్రిత్వ శాఖలో అనేక విభాగాలు ఉండొచ్చు, ఒక్కో విభాగానికి ఒక్కో కార్యదర్శి ఉంటారు. ఆర్థిక శాఖలోనే వ్యయం, రెవెన్యూ, ఆర్థిక వ్యవహారాలు ఇలా వేర్వేరు విభాగాలున్నాయి.

ఇప్పుడు మీ బావమరిది మాట. ఆయన చెప్పిన ఉద్యోగం చులకన చెయ్యదగ్గది కాదు. మంత్రిత్వ శాఖలో అడుగున సెక్షన్ ఉంటుంది. ఒక దరఖాస్తో, రాష్ట్రం నుంచి లేఖో వస్తే ముందు అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ దగ్గరికి వస్తుంది. ఏ నియమం వర్తిస్తుంది, ఇంతకుముందు ఇలాంటి కేసులో ఏం చేశారు, ఏ శాఖని సంప్రదించాలి అన్నవి వెతికి మొదటి నోటు రాసేది ఆ ఉద్యోగే. ఒకప్పుడు ఆకుపచ్చ నోట్‌షీటు మీద రాసేవారు, ఇప్పుడు చాలావరకు ఈ-ఆఫీసు తెర మీద. అక్కణ్ణుంచి సెక్షన్ ఆఫీసర్, అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ లేదా డైరెక్టర్, జాయింట్ సెక్రటరీ, కార్యదర్శి, అవసరమైతే మంత్రి. పైవాళ్లు చాలాసార్లు ఒక వాక్యం చేర్చి సంతకం పెడతారు, విషయమంతా కింద రాసిన నోటులో ఉంటుంది. ఐఏఎస్‌లు కేడర్ రాష్ట్రం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చి కొన్నేళ్లకి వెళ్ళిపోతారు. సచివాలయ సర్వీసు వాళ్లు ఢిల్లీలోనే ఉంటారు, పాత ఫైలు కథ వాళ్లకే తెలుసు.

ఈ ఉద్యోగం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ (కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్) పరీక్ష ద్వారా వస్తుంది. ఏ డిగ్రీ అయినా చాలు. వయసు సాధారణంగా 20 నుంచి 30, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. జీతం కేంద్ర వేతన శ్రేణిలో లెవెల్ 7, మూల వేతనం నెలకి 44,900 రూపాయలతో మొదలు. ప్రమోషన్లు నెమ్మది, కాపురం ఢిల్లీలోనే. ఆ రెండూ అమ్మాయికి ముందే చెప్పండి. సివిల్స్‌కి 21 ఏళ్లు నిండాలి, జనరల్ వాళ్లకి 32 ఏళ్ల వరకు ఆరు అవకాశాలు, బీసీలకి 35 ఏళ్ల వరకు తొమ్మిది. నా మాట అడిగితే రెండూ పెట్టుకోమంటాను. డిగ్రీ చివరి ఏడాదిలో సీజీఎల్‌కి కావలసిన లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్ గట్టి చేసుకుంటే సివిల్స్ ప్రిలిమ్స్‌లో అవే అడిగే రెండో పేపరు, సీశాట్, భయం కూడా పోతుంది. బీఏ పిల్లలు సీశాట్ దగ్గరే ఎక్కువ దెబ్బ తింటారు. ఉద్యోగం వచ్చాక సివిల్స్ మానేస్తుందేమోనని అనుకోకండి, చేతిలో జీతం ఉన్న పిల్ల స్థిమితంగా చదువుతుంది. ఉద్యోగం లేకుండా ఏళ్ల తరబడి కోచింగ్ గదుల్లో కూర్చోబెట్టడం నాకు నచ్చదు, మీరు రొయ్యల రేటు చూసి ఫీజు కట్టే మనుషులు.

భాష సంగతి ఒకటి. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, ఇంటర్వ్యూ కూడా తెలుగులో ఇవ్వొచ్చు. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం మాత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, సీజీఎల్ కూడా అంతే. కాబట్టి ఇప్పటి నుంచే రోజుకి ఒక ఇంగ్లిష్ పేపరు ఎడిటోరియల్, కేంద్రం పత్రికా ప్రకటనల్లో ఒకటి చదివి, అది ఏ మంత్రిత్వ శాఖ ఇచ్చిందో, ఆ పని దానికే ఎందుకు దక్కిందో రెండు వాక్యాలు రాయమనండి. మూడో ఏడాదిలోకి వచ్చాక మెయిన్స్‌కి ఆప్షనల్ సబ్జెక్టు ఏది తీసుకోవాలో మళ్ళీ రాయండి. బీఏలో తనకి ఏ సబ్జెక్టులో మార్కులు బాగా వస్తున్నాయో కూడా ఆ ఉత్తరంలో చెప్పండి.