పచ్చళ్ల యూనిట్‌లో కొత్తగా చేరే ఆరుగురిని కాంట్రాక్టరు పేరు మీద చూపించవచ్చా?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. గుంటూరు దగ్గర పచ్చళ్లు, పొడులు తయారుచేసే యూనిట్ మీది. ఇప్పుడు 17 మంది పనిచేస్తున్నారు, ఎక్కువమంది ఆడవాళ్లే. మామిడికాయల కాలానికి మరో ఆరుగురు కావాలి. 20కి చేరితే పీఎఫ్ కట్టాల్సి వస్తుంది కనుక ఆ ఆరుగురినీ లేబర్ కాంట్రాక్టరు పేరు మీద రాయించమని మీ ఆడిటర్ గారు సలహా ఇచ్చారు. కొత్త లేబర్ కోడ్‌ల వల్ల ఇంకేమేం మారుతుందో కూడా తెలుసుకోవాలంటున్నారు.

మొదటిదానికి నా సమాధానం: వద్దండి, ఆ పని చేయకండి. హైదరాబాద్ జీడిమెట్లలో 19 ఏళ్లుగా అట్టపెట్టెల యూనిట్ నడుపుతున్నాను. సరిగ్గా ఈ సలహానే విని, సరిగ్గా ఈ పనే చేసి, దాని ఫలితం చూసినవాణ్ణి.

2016లో నా దగ్గర సొంత కార్మికులు 16 మంది. పేస్టింగు, బండిళ్లు కట్టడం, లోడింగు కోసం ఎనిమిది మందిని ఒక కాంట్రాక్టరు పంపేవాడు. నెలనెలా అతను ఇచ్చే బిల్లులో 'పీఎఫ్‌తో కలిపి' అని ఒక వరుస ఉండేది. ఆ వరుస చూసి డబ్బు ఇచ్చేశాను. చలానా చూపించమని ఒక్క నెల కూడా అడగలేదు. రెండేళ్లు అలాగే గడిచిపోయింది.

ఆ ఎనిమిది మందిలో ఒకతను రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. పదిహేను రోజుల తర్వాత ఆయన భార్య మా గేటు దగ్గరికి వచ్చింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ తొడుగు వేసిన గేటు పాస్. పైన మా కంపెనీ పేరు, కింద నా సంతకం. "ప్రతినెలా పీఎఫ్ అని పట్టుకున్నారు, ఆ డబ్బు ఎక్కడుంది సార్?" అని అడిగింది. కాంట్రాక్టరుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. తర్వాత తెలిసింది, అతను కార్మికుల జీతంలో 12 శాతం కోసుకున్నాడు, నా దగ్గర యాజమాన్య వాటా తీసుకున్నాడు, ఎనిమిది మందిలో ఒక్కరి పేరు మీద కూడా ఒక్క రూపాయి కట్టలేదు.

ఆమె ఫిర్యాదు మీద విచారణ మొదలైంది. వచ్చిన అధికారి పెద్దగా ఏమీ వెతకలేదు. గేటు రిజిస్టరు, జీతాల రిజిస్టరు పక్కపక్కన పెట్టమన్నారు. ఒకదానిలో 24 పేర్లు, రెండోదానిలో 16. ఆ తర్వాత బ్యాలెన్సు షీటు తీసి 'లేబర్ చార్జీలు' అన్న పద్దు మీద వేలు పెట్టి, ఇది ఎవరికి ఇచ్చారని అడిగారు. అక్కడితో నా వాదన అయిపోయింది. పీఎఫ్ చట్టం దృష్టిలో కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి కూడా మీ మనిషే. 20 మంది లెక్కలో అతనూ ఉంటాడు. కాంట్రాక్టరు కట్టకపోతే కట్టవలసింది ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే మనమే. కార్మికుల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐకీ ఇదే సూత్రం.

రెండేళ్లకు ఎనిమిది మంది మీద రెండు వాటాలూ నేనే కట్టాను. గడిచిపోయిన నెలలకు కార్మికుడి వాటాను ఇప్పటి జీతంలోంచి కోయడానికి చట్టం ఒప్పుకోదు. అసలు మొత్తమే 4 లక్షల 80 వేలు. దాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, ఆపైన నష్టపరిహారం. అప్పట్లో ఆలస్యం ఆరు నెలలు దాటితే నష్టపరిహారం ఏడాదికి 25 శాతం ఉండేది. 2024 జూన్ 14 నుంచి దాన్ని నెలకు 1 శాతం చేశారు. అన్నీ కలిపి 7 లక్షలకు చేరువయింది. యంత్రం కొనడానికి దాచుకున్న డబ్బు అది. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. ఆమెకు వితంతు పింఛను మంజూరయ్యేసరికి ఏడాదిన్నర పట్టిందే, అదే ఇప్పటికీ బాధపెడుతుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఒక్క నెల వాటా జమ అయి ఉన్నా కుటుంబానికి పింఛను హక్కు వస్తుంది. ఒకే ఒక్క నెల. ఆ చలానా నేను అడిగి ఉంటే ఆమె ఏడాదిన్నర తిరగాల్సిన పని లేదు.

కాబట్టి ఆడిటర్ గారి మాటలో నిజమెంతో చూద్దాం. కొత్త కోడ్ ప్రకారం కాంట్రాక్టు కార్మికుల లైసెన్సు నిబంధనలు 50 మంది నుంచి వర్తిస్తాయి. ఆరుగురికి లైసెన్సు గొడవ లేదన్నది నిజమే. అయితే లైసెన్సు వేరు, పీఎఫ్ వేరు. ఆ ఆరుగురూ మీ వంటశాలలో, మీ సూపర్‌వైజరు చెప్పినట్టు, మీ ముక్కలు కోసి మీ జాడీలు నింపుతారు. కాగితం మీద ఎవరి పేరున్నా లెక్క 23. ఒకసారి పీఎఫ్ వర్తించిందంటే సీజను అయిపోయి మళ్లీ 17కి దిగినా అది కొనసాగుతుంది. ఆ ఖర్చు శాశ్వతమని ఇప్పుడే అనుకుని ధరలు వేసుకోండి.

మీరు అడగని సంగతి ఒకటి, అది మరింత ముఖ్యం. ఈఎస్‌ఐకి పరిమితి 20 కాదు, 10. మీకు 17 మంది ఉన్నారంటే అది ఇప్పటికే ఉండాలి. లేకపోతే పీఎఫ్ కంటే ముందు ఆ నమోదు చేయించండి. నెలకు 21,000 వరకు జీతం ఉన్నవారంతా దాని పరిధిలోకి వస్తారు. మీది కాగే నూనెతో పని. ఒకరి చేయి కాలిందనుకోండి, ఈఎస్‌ఐ ఉంటే చికిత్స వాళ్లే చూస్తారు, పనికి రాలేని రోజులకు వేతనంలో 90 శాతం వాళ్లే ఇస్తారు. లేకపోతే ఆ భారమంతా మీ నెత్తిన పడుతుంది. ప్రసూతి సెలవు విషయం ఇంకా గమనించాల్సింది. 26 వారాల వేతనం అనేసరికి చిన్న యజమానులు భయపడి, కొత్తగా పెళ్లయిన అమ్మాయిలను పనిలోకే తీసుకోరు. నా తోటి యజమానులు ఇలా చేయడం కళ్లారా చూశాను, చాలా అన్యాయం. ఈఎస్‌ఐలో ఉన్న కార్మికురాలికి ఆ 26 వారాల వేతనం ఇచ్చేది ఈఎస్‌ఐ, మీరు కాదు. అంతకుముందు రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉంటే చాలు.

ఖర్చు ఎంతో చెబుతాను. మనిషికి వేతనం 12,000 అనుకుంటే పీఎఫ్‌కు కార్మికుడి వాటా 1,440, మీ వాటా 1,440. మీ వాటాలోంచే 8.33 శాతం పింఛను నిధికి పోతుంది. నిర్వహణ చార్జీ 60, బీమాకు మరో 60. ఈఎస్‌ఐకి మీరు 390, కార్మికుడు 90. అంటే మీ చేతినుంచి మనిషికి నెలకు 1,950. 23 మందికి 44,850. చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాను. కానీ జాడీ ధరలో ఇది లేదంటే మీరు అమ్మే ధరే తప్పు. కొంత ఊరట కూడా ఉంది. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 దాకా చేరే కొత్త ఉద్యోగులకు కేంద్రం ప్రోత్సాహక పథకం పెట్టింది. 50 మందిలోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని అదనంగా తీసుకుని ఆరు నెలలు కొనసాగిస్తే, 10,000 దాటి 20,000 వరకు ఉన్న జీతానికి మనిషికి నెలకు 2,000 యజమానికి వస్తుంది. తయారీ రంగంలో నాలుగేళ్ల వరకు ఇస్తారు. పీఎఫ్‌లో పేరు లేని మనిషికి ఇది రాదు.

ఇక కొత్త కోడ్‌లు. 29 పాత చట్టాల స్థానంలో నాలుగు కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. మీలాంటి చిన్న సంస్థకు వాటిలో అన్నిటికంటే గట్టిగా తగిలేది 'వేతనం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం. ఇన్నాళ్లూ అందరం చేసిన పని ఒకటే: బేసిక్ (మూల వేతనం) తగ్గించి మిగతాది భత్యాలుగా విడగొట్టడం. ఇప్పుడు వేతనంలో లెక్కించని ఇంటి అద్దె, రవాణా వంటి మినహాయింపులన్నీ కలిపి మొత్తంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. 16,000 జీతంలో బేసిక్ 6,000, ఇంటి అద్దె 5,000, రవాణా 5,000 అని రాశారనుకోండి. మినహాయింపులు 10,000 అయ్యాయి, సగం 8,000. పైన ఉన్న 2,000 వేతనంలో చేరి అది 8,000 అవుతుంది. 'స్పెషల్ అలవెన్సు' అని రాసుకుంటే మినహాయింపుల జాబితాలో ఆ పేరే లేదు, మొత్తం వేతనమే. నిజానికి అందరికీ సమానంగా ఇచ్చే భత్యాలు పీఎఫ్ లెక్కలోకి వస్తాయని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28నే చెప్పింది. పైగా వేతనం రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి తగ్గకూడదు. అందులోని కరవు భత్యం ఏప్రిల్‌లోను, అక్టోబరులోను మారుతుంది. ఆ రెండు నెలల్లో రేట్ల పట్టిక తెచ్చుకుని చూసుకోవాలి. నేను చేసింది చెబుతాను: విడగొట్టడం మానేసి బేసిక్, డీఏ (కరవు భత్యం), ఇంటి అద్దె మూడే ఉంచాను. జీతం చీటీ కార్మికుడికి అర్థమవుతోంది, తనిఖీకి వచ్చినవారికీ అర్థమవుతోంది.

మీ ఆరుగురి విషయంలో నేనైతే నేరుగా, నిర్ణీత కాలానికి తీసుకుంటాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఇంత వేతనం అని తెలుగులో నియామక పత్రం ఇవ్వండి. ఇప్పుడు నియామక పత్రం ప్రతి ఒక్కరికీ తప్పనిసరి, పాతవారికి కూడా ఇవ్వండి. నిర్ణీత కాలపు కార్మికులకు అదే పని చేసే శాశ్వత కార్మికుల వేతనమే ఇవ్వాలి. వాళ్లలో ఎవరైనా ఏడాది పూర్తిచేస్తే గ్రాట్యుటీ కూడా వస్తుంది, మిగతావారిలా ఐదేళ్లు ఆగనక్కర్లేదు. పని ముగిసి వెళ్లిపోయేవారి వేతన బకాయి రెండు పని దినాల్లో తీర్చాలి. సీజను చివర చేతిలో డబ్బు లేక 'వచ్చే నెల రండి' అనడం మనకు అలవాటు. ఆ అలవాటు ఇక కుదరదు. వేతనాల కోడ్‌లో తొలిసారి తప్పు దొరికితే సరిదిద్దుకోవడానికి రాతపూర్వకంగా గడువు ఇస్తారు. ఐదేళ్లలోపు అదే తప్పు మళ్లీ చేస్తే ఆ గడువు ఉండదు. మోటారుతో నడిచే గ్రైండర్లు, మిక్సర్లు ఉంటాయి కనుక 20 మందికి చేరగానే మీది ఫ్యాక్టరీ లెక్కలోకి వస్తుంది. ఆ నమోదు సంగతీ ఇప్పుడే చూసుకోండి.

ఆడవాళ్లు ఎక్కువగా ఉన్నారన్నారు. సూపర్‌వైజరు మగవాడైతే ఈ మాట మరీ ముఖ్యం. 10 మంది ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ 2013 చట్టం ప్రకారం ఉండాలి. సీనియర్ ఉద్యోగిని అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు, బయటి నుంచి ఒకరు. పెట్టకపోతే 50,000 వరకు జరిమానా ఉంది, కానీ నేను చెప్పేది జరిమానా గురించి కాదు. గోడ మీద ఆ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో రాసి, మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయవచ్చని మీరే స్వయంగా ఒకరోజు అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. మా యూనిట్‌లో బోర్డు పెట్టి ఊరుకున్నంతకాలం ఎవరూ నోరు విప్పలేదు. నా భార్య వచ్చి కూర్చుని మాట్లాడిన వారంలోనే ఒకమ్మాయి వచ్చి చెప్పింది.

నెలవారీ పని ఇలా పెట్టుకోండి: 3వ తేదీకి హాజరు ముగించడం, 7లోపు జీతాలు బ్యాంకు ద్వారా, 15లోపు పీఎఫ్, ఈఎస్‌ఐ రెండూ. ఈ 15తో ఆటలాడవద్దు. గడువు దాటితే నాకు పడినట్టే వడ్డీ, నష్టపరిహారం మీకూ పడతాయి. లోడింగుకో, కాపలాకో కాంట్రాక్టరును పెట్టుకోక తప్పకపోతే, పేర్లతో సహా గత నెల చలానా చేతికి వచ్చేదాకా ఈ నెల బిల్లు ఆపండి. నేను 2018 నుంచి ఒక్క నెల కూడా దీనికి మినహాయింపు ఇవ్వలేదు. ఇద్దరు కాంట్రాక్టర్లు అలిగి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను.

చివరగా, అందరూ తేలిగ్గా తీసుకునే చిక్కు ఒకటి: పేర్లు. మన ఇంటిపేర్లతో పీఎఫ్‌లో వచ్చే ఇబ్బంది ఇంతా అంతా కాదు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒకదానిలో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదానిలో అత్తింటిది. పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఒక కార్డులో జనవరి 1, ఇంకో కార్డులో జూలై 1. ఇవి కలవకపోతే డబ్బు జమ అయినా అవసరానికి బయటికి రాదు. మా దగ్గర ఒక పెద్దామెకు కూతురి పెళ్లికి అడ్వాన్సు రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఒక్క అక్షరం తేడా వల్ల. ఇప్పుడు కొత్త యూఏఎన్ (కార్మికుడి పీఎఫ్ నంబరు) ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖం చూపించి తీస్తున్నారు, ఆధార్‌లో ఉన్న పేరే అందులోకి వస్తుంది. అందుకే ఆ ఆరుగురి ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాలు ఈ వారమే తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ముందే సరిచేయించవచ్చు. ఏప్రిల్‌లో కాయ దిగడం మొదలయ్యాక ఎవరినీ ఆధార్ కేంద్రానికి పంపే తీరిక మీకు ఉండదు.