రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్‌కి శబ్దం గంభీరంగా ఉండాలి, పికప్ తగ్గకూడదు: ఏ సైలెన్సర్ ఎంచుకోవాలి?

సైలెన్సర్ ఒక్కటి మార్చినంత మాత్రాన చెప్పుకోదగ్గ పవర్ రాదు. ఈ బండి అసలు బలం 4,000 ఆర్‌పీఎం దగ్గరే అందే 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. లోపల అడ్డేమీ లేని ఖాళీ గొట్టం బిగిస్తే తరచుగా ముందు దెబ్బతినేది కింది వేగాల్లోని ఆ లాగుడే. ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేరులో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు తేడా తెలిసిపోతుంది. యాక్సిలరేటర్ వదలగానే వచ్చే టపటప శబ్దం చాలామందికి ఇష్టమే గానీ, తరచుగా అది మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గిందని గానీ, జాయింటులో గాలి చొరబడుతోందని గానీ చెప్పే హెచ్చరిక.

నా సలహా: పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి పోకుండా పొగగొట్టం చివరి భాగాన్ని మాత్రమే మార్చండి. రంధ్రాల గొట్టం చుట్టూ గాజు ఉన్ని నింపిన రకం కీచుదనాన్ని పీల్చేసి, గంభీరమైన ధ్వనిని మిగులుస్తుంది. ఆ ఉన్ని కాలక్రమంలో కాలి తగ్గిపోతుంది, అప్పుడు మళ్లీ నింపించాలి. శబ్దం తగ్గించడానికి సైలెన్సర్ మూతిలో బిగించే డీబీ కిల్లర్‌ను ఎప్పుడూ తీయకండి.

బిగించాక వంద కిలోమీటర్లు తిరిగి జాయింటు చూడండి. క్లాంపు చుట్టూ నల్లని మసి గీత ఉంటే గ్యాస్ లీకవుతున్నట్టే; గాస్కెట్ మార్పించండి.

శబ్ద పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద రూ.10,000 వరకు జరిమానా, 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అందుకే ఆమోద పత్రం లేని సైలెన్సర్ ఎంత చౌకగా వచ్చినా కొనకండి.